ముత్తక్క సంఘం సాఫ్టువేరు

ముత్తక్కకు తెలియని సంగతి లేదని ముత్తక్కకు గట్టి నమ్మకం. ములకలపల్లి దగ్గర, అడవి అంచున ఉన్న పదకొండు ఊళ్ల ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న ఇప్పపువ్వు సంఘానికి ఆమె అధ్యక్షురాలు. వయసు నలభై ఎనిమిది. సొంతూరు బండగుంపు. చదివింది ఏడో తరగతి, అదీ సగమే. అయితేనేం, బ్యాంకు మేనేజరుతో మాట్లాడినా, ఫారెస్టు గార్డుతో మాట్లాడినా ఆమెది ఒకటే గొంతు. ఆ గొంతు తగ్గగా చూసినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. ఒక్కసారి మాత్రం తగ్గింది. నేను చెప్పబోయేది ఆ ఒక్కసారి సంగతే.

పెళ్లయిన కొత్తలో ముత్తక్క మొగుడు బొజ్జయ్యతో కలిసి మణుగూరు పోయి, కాలనీ ఇళ్ల పనిలో మూడేళ్లు ఇటుకలు మోసింది. కాగితం మీద గీత ఎక్కడుంటే గోడ అక్కడే లేస్తుందని ఆమె అక్కడే నేర్చుకుంది. ఒకసారి ఇంజనీరు గీయడం మరిచిపోతే కిటికీ లేకుండానే ఇల్లు లేచిందట. ఆ కథ ఆమె ఇప్పటికీ నవ్వుతూ చెబుతుంది. బొజ్జయ్య సంగతి చెప్పాలంటే, ఆయన మేకలు కాస్తాడు, వంట చేస్తాడు, భార్య మీటింగులకు పోతే మోపెడ్‌లో పెట్రోలు ఉందో లేదో చూసి పంపిస్తాడు. అంతకు మించి ఒక్క మాట మాట్లాడడు. ఆ ఇంట్లో మాట్లాడే పని మొత్తం ముత్తక్కే తలకెత్తుకుంది.

ఇప్పచెట్ల కింద వలలు కట్టించింది ఆమే. పువ్వు మట్టిలో పడకుండా వలలో పడితే శుభ్రంగా ఉంటుంది, తినే సరుకుగా అమ్ముడవుతుంది. మొదట్లో నవ్వినవాళ్లే తర్వాత వలలకోసం ఆమె గుమ్మం ముందు నిలబడ్డారు. ఆ వలల పువ్వును చూసే హైదరాబాదు నుంచి ఒక లడ్డూల కంపెనీ వెతుక్కుంటూ వచ్చింది. ఎంత పువ్వయినా తీసుకుంటాం, కాని ఒక షరతు అన్నారు. ప్రతి బస్తా మీద స్టిక్కరు ఉండాలి. దాని మీది నల్లగళ్ల బొమ్మకు ఫోను పెట్టగానే ఆ పువ్వు ఏ ఊరిది, ఎవరు ఏరారు, ఏ రోజు ఏరారు అనేది కనిపించాలి. స్టిక్కరు లేని బస్తా లారీ ఎక్కదు.

అంటే సాఫ్టువేరు కావాలి. డిసెంబరు మీటింగులో దాని మీద పెద్ద చర్చే నడిచింది. చేయించుకోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, హైదరాబాదులో ఉన్న ఒక సాఫ్టువేరు కంపెనీకి పని అప్పజెప్పడం. రెండోది, ములకలపల్లిలోనే ఉండే ఫరహాను సంఘంలో ఉద్యోగిగా పెట్టుకుని మన గోదాములోనే చేయించుకోవడం. ఫరహా బీటెక్ చదివి, హైదరాబాదులో నాలుగేళ్లు ప్రోగ్రాములు రాసి, పెళ్లితో ఇక్కడికి వచ్చింది. భర్త అజారుద్దీన్‌కు సెంటర్లో సెల్‌ఫోన్లు బాగుచేసే దుకాణం ఉంది.

కంపెనీ తరఫున వచ్చినాయన గోదాము గోడ మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించాడు. ఆసుపత్రులకు చేశాం, కాలేజీలకు చేశాం, నలభైమంది పనిచేస్తారు అన్నాడు. ఫరహా బొమ్మలేమీ తేలేదు. ముందు నాలుగు రోజులు ఊళ్లు తిరిగి చూస్తానంది. నలభైమంది ఎక్కడ, ఒక్క ఫరహా ఎక్కడ? సెల్‌ఫోన్ల దుకాణపాయన భార్యతో ఇంత పని ఏమవుతుందని ముత్తక్క అందరి ముందే అనేసింది. ఆడవాళ్లకు ఏమీ చేతకాదన్న మొగవాళ్లందరినీ వాయించి వదిలిన మనిషి నోటి నుంచే ఆ మాట వచ్చింది. పని కంపెనీకే ఇవ్వాలని తేలింది. ఫరహా సంచి సర్దుకుని వెళ్లిపోయింది.

తర్వాత కంపెనీ నుంచి నూటనలభై ప్రశ్నల కాగితం వచ్చింది. సంఘం గుమస్తా వీరబాబు చదువుతుంటే ముత్తక్క తడుముకోకుండా జవాబులు చెప్పింది. సీజను ఎప్పుడు మొదలవుతుంది? మార్చి ఇరవై. రోజుకు ఎన్ని బస్తాలు? అదీ చెప్పింది. ఒక సభ్యురాలు ఎన్ని రోజులు సరుకు తేకపోతే మానేసినట్టు లెక్క? పది రోజులు. చిట్టచివరి ప్రశ్న, ఇవిగాక మేము తెలుసుకోవలసిన పద్ధతులు ఏమైనా ఉన్నాయా అని. ఏమీ లేవని రాయమంది. వీరబాబు రాశాడు, ఆమె సంతకం పెట్టింది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్లలో కొత్త చేసుకోనిదే ఇప్పపువ్వు ముట్టరు. ఊరి పెద్దలు కూర్చుని ఒక రోజు ఖాయం చేస్తారు. ఆ రోజు మొదటి పువ్వు దేవతకు పెట్టి, ఊరంతా పండుగ చేసుకుని, ఆ మర్నాటి నుంచే ఏరుతారు. ఒక్కో ఊరి కొత్త ఒక్కో రోజు. ఊళ్లో చావు జరిగితే దినాలయ్యేదాకా ఆగుతుంది. అంతవరకూ రాలిన పువ్వు జింకలకూ ఎలుగులకూ పోవలసిందేగాని మనిషి చెయ్యి పడదు. ముత్తక్కకు ఇది తెలియక కాదు. పుట్టినప్పటి నుంచీ చేస్తున్నదే. అన్నం చేత్తో తింటామని ఎవరైనా కాగితం మీద రాస్తారా? అలాగే ఇదీ రాయాలని ఆమెకు తట్టలేదు. బండగుంపులో కొత్త మార్చి ఇరవై లోపే అయిపోతుంది కనుక లోకమంతటికీ అదే తారీఖనుకుంది. కిటికీ లేని ఇంటి కథ చెప్పి నవ్వే మనిషి, తన కాగితంలో తానే కిటికీ గీయడం మరిచిపోయింది.

మార్చి ఇరవైన సీజను మొదలైంది. ఫోన్లు టింగుమన్నాయి, స్టిక్కర్లు వచ్చాయి, పది ఊళ్ల బస్తాలు గోదాములో వరసగా లేచాయి. ముత్తక్క ఆ వారమంతా నేల మీద నడవలేదు.

పదకొండో ఊరు ఎర్రవాగు. అక్కడ పెద్దమనిషి లచ్చయ్య మార్చి నెలలో కన్నుమూశాడు. కొత్త ఆగింది. ఏప్రిల్ రెండున చేసుకున్నారు. మూడు నుంచి ఏరి, ఎండబెట్టి, ఆరో తారీఖున అరవై రెండు మంది ఆడవాళ్లు రెండు ట్రాలీ ఆటోల్లో పువ్వు తెచ్చి గోదాము ముందు దింపారు. ముందు నిలబడింది నాగక్క. డెబ్బై దాటిన మనిషి. ఆమె సభ్యత్వం కార్డుకు వీరబాబు ఫోను పెట్టాడు. ఎర్రగా వచ్చింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎర్రగానే వచ్చింది. ఈ పేరుతో సభ్యులు లేరు అని రాసి ఉంది. అరవై రెండు కార్డులకూ అదే జవాబు. పది రోజులు సరుకు తేలేదని సాఫ్టువేరు ఎర్రవాగును ఊరికి ఊరే కొట్టేసింది.

ముత్తక్క తారీఖులు లెక్కపెట్టుకుంది. పదో తారీఖున లారీ వస్తుంది. ఆ తర్వాత ఎండకు పువ్వు తగ్గిపోతుంది, ఎర్రవాగుకు ఈ ఏడు దొరికేదంతా ఈ బస్తాల్లోనే ఉంది. సంతలో వ్యాపారులకు అమ్మొద్దు, ప్రతి పువ్వూ నేను కొనిపిస్తానని ఇంటింటికీ తిరిగి మాట ఇచ్చింది తనే.

నాగక్క గట్టిగా కూడా అడగలేదు. "పేరు లేదంటున్నడు గద ముత్తీ. ఇగ మేము సంతకు పోవాల్నా?" అంది. ముత్తక్కకు తల తీసేసినట్టయింది.

కంపెనీకి ఫోను చేశారు. వాళ్లు మర్యాదగానే మాట్లాడారు. మీరు రాసిచ్చినట్టే చేశాం మేడం, మార్చడానికి పన్నెండు పనిదినాలు పడుతుంది, అప్పటిదాకా ఒక ఉపాయం ఉంది అన్నారు. ఎర్రవాగు వాళ్లను మళ్లీ చేర్చి, మార్చి ఇరవై నుంచే ఏరుతున్నట్టు పాత తారీఖులు వేసేస్తే సాఫ్టువేరు ఒప్పుకుంటుందట. వీరబాబు ఊపిరి పీల్చుకుని అప్పుడే కంప్యూటరు ముందుకు కుర్చీ లాక్కున్నాడు. తారీఖే కదా, ఎవరు చూస్తారని అతని ఉద్దేశం.

"చెయ్యి తియ్యి" అంది ముత్తక్క. "గా తారీఖేస్తే ఎర్రవాగు ఆడోళ్లు కొత్తకు ముందే పువ్వు ముట్టినట్టు. ఊళ్లె శవం లేచిన దినాలల్ల ఏరుకున్నట్టు. గిది బస్తా బస్తాకు అచ్చేసి అంటిస్తవా?"

వీరబాబు చెయ్యి తీసేశాడు. అతనిదీ ఆ పక్క ఊరే. చెప్పేసరికి అతని మొహం మాడిపోయింది.

ముత్తక్క బస్తాలు లోపల పెట్టించి, నాగక్కతో నాలుగు రోజులు ఆగమని చెప్పి, మోపెడ్ తీసింది. దారిపొడుగునా తనను తాను తిట్టుకుంది. పైకే తిట్టుకుంది, ఎదురొచ్చినవాళ్లు విన్నారు కూడా. ఫరహా ఇంటి ముందు బండి ఆపి బయటే నిలబడింది. ఫరహా అత్త అజ్మత్ బీ చూసి, ఎండలో ఎందుకమ్మా అని లోపలికి పిలిచి చాయ్ పెట్టింది. ముత్తక్క జరిగిందంతా దాచకుండా చెప్పింది.

"డిసెంబర్ల నన్ను వద్దన్నరు గదక్కా" అంది ఫరహా.

"అవ్, వద్దన్న. నలుగుట్ల నిన్ను తక్కువ చేసి మాట్లాడిన. తప్పు నాది" అంది ముత్తక్క. ఆ గొంతు తగ్గింది అప్పుడే. అజ్మత్ బీ ఆ మాట విని చాయ్ గ్లాసు కింద పెట్టి మరీ చూసింది.

ఫరహా దెప్పలేదు. కంపెనీనీ తప్పుపట్టలేదు. హైదరాబాదులో తానూ అలాగే రాసేదట. ఏదో దేశంలో ఓడలకు సరుకెక్కించే ప్రోగ్రాం రెండేళ్లు రాసిందట, అప్పటికి సముద్రం చూసి ఎరగదు. అవతలివాళ్లు ఏది చెబితే అది రాయడమే, చెప్పనిది ఎలా తెలుస్తుంది అంది. తర్వాత కంపెనీ వాళ్లతో తనే ఫోనులో మాట్లాడింది. వాళ్ల భాష ఆమెకు వచ్చు. అరగంటలో తేలిందేమంటే, స్టిక్కర్లు అచ్చేయడం, సమాచారం భద్రంగా దాచడం వాళ్ల సాఫ్టువేరు బాగానే చేస్తోంది. ఊళ్లు, మనుషులు, తారీఖులు ఉన్న భాగం వేరుగా రాసుకుని పంపితే లోపలికి తీసుకోవడానికి వాళ్లు దారి ఇస్తారు. ఆ వేరు భాగమే మనం రాసుకోవాలి.

మర్నాడు పొద్దున ముత్తక్క మోపెడ్ వెనక కూర్చుని, ఒళ్లో ల్యాప్‌టాప్ పెట్టుకుని ఫరహా ఎర్రవాగు పోయింది. అక్కడ ఆడవాళ్లను వరసగా అడిగింది. నూటనలభై ప్రశ్నలు కాదు, రెండు మూడే. ఎప్పుడు మొదలుపెడతారని కాక, మొదలుపెట్టమని ఎవరు చెబుతారని అడిగింది. ఆగితే ఎందుకు ఆగుతుందని అడిగింది. ఒక్క చెట్టు కింద తోడికోడళ్లిద్దరు కలిసి ఏరి ఒకే బస్తాలో పోస్తారని కూడా అప్పుడే బయటపడింది. కంపెనీ దాంట్లో బస్తాకు ఒక్క పేరే పడుతుంది. ఇన్నాళ్లూ పది ఊళ్లలోనూ చిన్న కోడళ్ల పేర్లు ఎక్కడా లేవన్నమాట. ముత్తక్క ఈసారి వింటూ కూర్చుంది.

చిక్కు వచ్చింది పోతయ్య దగ్గర. లచ్చయ్య తర్వాత ఊరికి ఆయనే పెద్ద. కొత్త తారీఖు ఫోనులో ఎక్కించడానికి ఆయన ఒప్పుకోలేదు. ఆయన భయం ఆయనది. ఈ ఏడు ఏప్రిల్ రెండని ఎక్కిస్తే వచ్చే ఏడు కూడా అదే తారీఖంటారు. ఊరు కూర్చుని చెప్పవలసిన మాట మిషను చెబుతుంది. పక్క ఊరి కొత్తతో కలపమంటారు. ఇంకో నాలుగేళ్లకు కొత్త ఎందుకంటారు. ఆయన కోయ భాషలోనే మాట్లాడాడు, ముత్తక్క ఫరహాకు తెలుగులో చెప్పింది. ఏ మాటా మెత్తబరచలేదు.

కొత్త తారీఖు రాసే గడి ఏటా ఖాళీగానే ఉంటుందని, పోయిన ఏటి తారీఖు చూపించనే చూపించదని ఫరహా చెప్పింది. ఊరి నుంచి పెద్దమనిషి ఫోను చేసి చెప్పేదాకా అది ఖాళీగానే ఆగుతుంది, ఎన్ని రోజులైనా ఎవరి పేరూ కొట్టేయదు.

పోతయ్య ఫరహాను కాదు, ముత్తక్కను చూశాడు. "ఎవరన్న పెద్దసారు వచ్చి ఫలానా తారీఖెయ్యమంటే?"

"ఎయ్య" అంది ముత్తక్క. ఆయన తలూపి తారీఖు చెప్పాడు.

రెండు రోజులు గోదాములో ఫ్యాను కింద కూర్చుని ఫరహా రాసింది. సిగ్నలు లేని ఊళ్లో ఫోనులోనే దాచుకుని, రోడ్డెక్కాక పంపేటట్టు పెట్టింది. మొదటిసారి నడిపితే నాగక్క ఊరు తల్లాడ అని వచ్చింది. ఎక్కడి ఎర్రవాగు, ఎక్కడి తల్లాడ! ముత్తక్క పకపకా నవ్వింది, ఆ నాలుగు రోజుల్లో అదే మొదటి నవ్వు. ఫరహా నాలుక కరుచుకుని సరిచేసింది. తొమ్మిదో తారీఖు మధ్యాహ్నానికి ఎర్రవాగు బస్తాలన్నిటికీ స్టిక్కర్లు పడ్డాయి. ఊరు ఎర్రవాగు, కొత్త ఏప్రిల్ రెండు, ఏరినది ఏప్రిల్ మూడు మొదలు. ఏరినవాళ్ల దగ్గర ఇద్దరుంటే ఇద్దరి పేర్లూ ఉన్నాయి.

పదో తారీఖు పొద్దున పదకొండు ఊళ్ల నుంచీ సంఘం తరఫు పెద్దక్కలు వచ్చారు. లారీ వచ్చేలోపు ముత్తక్క బస్తాల మధ్యనే మీటింగు పెట్టింది. కంపెనీ తప్పు లేదని, తనను అడిగితే తనే చెప్పలేదని, ఏమీ లేవని రాయించిన నోరు తనదేనని అందరి ముందూ చెప్పింది. ఇక ఆ కంపెనీని మాన్పించి పని మొత్తం ఫరహాకే ఇద్దామంది. మన ముత్తక్క సగం దూరం పోయే రకం కాదు, ఇటు తిరిగితే మొత్తం ఇటే.

వద్దంది ఫరహానే. "నాకొక్కదానికే ఇయ్యకుండ్రి అక్కా. రేపు నాకు జ్వరమొస్తే మీ లారీ ఆగుతది. స్టిక్కర్లు, దాచిపెట్టుడు ఏడైనా ఒక్కటే, గది వాళ్లకే ఉండనియ్యి. మన ఊళ్ల సంగతి మాత్రం మన దగ్గర్నే రాసుకుందాం. నాకు తోడు ఇంకొకరిని పెట్టుండ్రి. నేను రాసిందంత ఆమెకు గూడ రావాలె."

ముత్తక్క పెదవి కొరుక్కుంది. పట్టిన పట్టు వదలడం ఆమెకు అలవాటు లేని పని. అయినా ఈ మాటలో ఆమెకు ఎక్కడా లొసుగు దొరకలేదు. మన ఊళ్లు మనకే తెలుసు గనక ఆ భాగం మన ఇంట్లో, లోకమంతటికీ ఒకటే అయినది బయట. పెద్దక్కలు చేతులెత్తారు. ఫరహాను ఉద్యోగంలోకి తీసుకున్నారు, తోడుగా పాల్వంచలో డిగ్రీ కంప్యూటర్స్ చేసిన ప్రమీలను పెట్టుకోవాలని నిర్ణయించారు. వీరబాబు తీర్మానం రాశాడు. ఈసారి సంతకం పెట్టే ముందు ముత్తక్క రెండుసార్లు చదివించుకుంది.

లారీ వచ్చింది. దాంతో లడ్డూల కంపెనీ ఆఫీసరు రామకృష్ణ వచ్చాడు. ఎర్రవాగు బస్తాలకు ఫోను పెట్టి చూశాడు, పువ్వు చేతిలోకి తీసుకుని వాసన చూశాడు, ఒక్కటి కూడా పక్కన పెట్టలేదు. అరవై రెండు మంది పువ్వూ లారీ ఎక్కింది. నాగక్క చివరి బస్తా ఎక్కేదాకా నిలబడి చూసి, అప్పుడు పోయి నీడలో కూర్చుంది.

రామకృష్ణకు కొత్త అన్న గడి ఏమిటో అర్థం కాలేదు. ముత్తక్క చెప్పింది. ఆయన ఆసక్తిగానే విన్నాడు. విని, మంచి ఆచారమేగాని మా లారీలకు ఇబ్బంది మేడం అన్నాడు. వచ్చే ఏడు పదకొండు ఊళ్లూ ఒకే రోజు కొత్త పెట్టుకుంటే అందరికీ సులువట. మార్చి ఇరవై అని మీ సాఫ్టువేరులో ఖాయం చేసేస్తే చాలట. అవతల మండలంలో సంఘం వాళ్లు మేము చెప్పిన రోజుకే సరుకు సిద్ధం చేస్తున్నారని కూడా మెల్లగా కలిపాడు.

ఆయన అడిగింది బెదిరింపు కాదు, అలాగని ఉత్త మాటా కాదు. ఈ లారీ తిరిగి రాకపోతే మళ్లీ సంతే గతి. ఆ సంగతి అక్కడున్న ప్రతి ఆడమనిషికీ తెలుసు. వలలన్నీ ముత్తక్క కట్టించినవే, లారీని రప్పించింది ఆమే. ఎర్రవాగు పువ్వు ఎక్కించడానికి వచ్చిన పోతయ్య లారీ మీద చెయ్యి వేసి ముత్తక్కనే చూస్తున్నాడు.

"మీరు తారీఖులు మార్చమంటే మా ఫరహా పూటల మారుస్తది సారూ, గది కష్టం కాదు" అంది ముత్తక్క. గొంతు మళ్లీ మామూలుకొచ్చింది. "గని గా గడి నింపేది నేను గాదు, ఆమె గాదు, మీరు గాదు. ఊరు. ఏ ఊరు కొత్త ఏనాడైందో గానాడే మీ ఫోనుకు గూడ వచ్చేటట్టు పెట్టిస్త. గది జూసుకొని లారీ పంపుండ్రి. వేరే సంఘం కాడికి పోతమంటే పోండ్రి. మా పువ్వు గిట్లనే వస్తది."

రామకృష్ణ ఆమెను చూశాడు, లారీలో బస్తాలను చూశాడు. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. డ్రైవరు ఇంజను స్టార్టు చేసి ఎదురుచూస్తున్నాడు. ఆయన ఫోను తీసి, తన నంబరు చూసి, ఊళ్ల కొత్త తారీఖులు దానికే పంపించమని ఫరహాకు రాసిచ్చాడు.